పురిటి నొప్పులు నిజమైనవో కావో ఎలా తెలుసుకోవాలి, ఆయుర్వేదం పద్ధతిలో ఆ నొప్పిని ఎలా తట్టుకోవాలి

నెలలు నిండాయంటే చాలు, పొట్ట కాస్త బిగిసినా ఇదేనా, ఇంకా ఉందా అని గుండె దడదడలాడుతుంది, ఇంట్లో ఒకరు బ్యాగ్ సర్దేస్తారు, ఒకరు ఆముదం తాగిస్తే తొందరగా అయిపోతుందంటారు, ఇంకొకరు ఏదో వీడియో చూసి కషాయం కాచుకొచ్చేస్తారు. అందుకే ముందే చెప్పేస్తున్నా, నొప్పులు మొదలయ్యాక ఆయుర్వేదం మీకు పనికొచ్చేది ఒంటికి బయట నుంచే. గోరువెచ్చని నూనె, వేడినీళ్ళు, నడుం పట్టే చేతులు, పక్కన నమ్మకమైన మనిషి, హడావిడి లేని గది. నోట్లోకి పోయే మందు, కషాయం ఏదైనా సరే డాక్టర్‌కి తెలియకుండా వద్దు. ఇక హాస్పిటల్‌కి ఎప్పుడు బయల్దేరాలి అనేది గడియారం చెప్తుంది, పక్కింటి పిన్నిగారు కాదు.

ఇంకో మాట. 37 వారాలు నిండకపోయినా, కవలలైనా, బిడ్డ అడ్డంగానో కాళ్ళు కిందికో ఉన్నా, మాయ కిందికి ఉందని స్కాన్‌లో చెప్పినా, బీపీ ఎక్కువున్నా, ముందు కాన్పు సిజేరియన్ అయినా, ఇంట్లో కూర్చుని లెక్కలేసుకునే పని పెట్టుకోకండి. నొప్పి మొదలవగానే ఫోన్ చేసి, రమ్మంటే వెళ్ళిపోవడమే. కింద రాసిందంతా నెలలు నిండి, డాక్టర్ అంతా మామూలుగానే ఉందన్న వాళ్ళకి.

మొదటి పని: పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి

నొప్పి వస్తోంది అనిపించినప్పుడు వెనక్కి ఆనుకుని కూర్చుని, బొడ్డుకి పైన, అంటే గర్భసంచి పై అంచు దగ్గర వేళ్ళు ఆనించండి. గట్టిగా నొక్కక్కర్లేదు, వేళ్ళ కొసలతో మెల్లగా తడితే చాలు. బిగువు ఎంతుందో కొలుచుకోడానికి నర్సులు వాడే ఒక చిట్కా ఉంది: ముక్కు కొసని ముట్టుకున్నట్టు మెత్తగా ఉంటే చిన్న నొప్పి, గడ్డాన్ని ముట్టుకున్నట్టు ఉంటే మధ్యస్తం, నుదురుని ముట్టుకున్నట్టు వేలు అస్సలు దిగకపోతే గట్టి నొప్పి. ఆ బిగువు మెల్లగా పెరిగి, ఒక పై స్థాయికి వెళ్ళి, మళ్ళీ మెల్లగా వదిలేస్తుంది. వదిలేశాక పొట్ట పూర్తిగా మెత్తబడాలి, ఈ మెత్తబడటం చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ మధ్యలోనే బిడ్డకి రక్తం బాగా అందుతుంది. అస్సలు మెత్తబడకుండా పొట్ట చెక్కలా బిగుసుకుపోయి నొప్పి ఆగకుండా ఉంటే అది మామూలు పురిటి నొప్పి కాదు, మాయ ముందే ఊడిపోతూ ఉండొచ్చు, ఇంకేం ఆలోచించకుండా అంబులెన్స్ పిలవండి.

బిగువు ఒక పక్కకే తెలుస్తోందా, లేక కాసేపుండి అటూ ఇటూ కదులుతోందా? అయితే అది చాలాసార్లు బిడ్డ వీపో మోకాలో అయ్యుంటుంది. నొప్పి వస్తే పొట్ట మొత్తం ఒకేసారి బిగుస్తుంది.

రెండో పని: టైమ్ రాయండి

ఇక్కడే చాలామంది తడబడతారు. ఎంత సేపటికి ఒకసారి వస్తోంది అంటే, ఒక నొప్పి మొదలైన దగ్గర్నుంచి తర్వాతి నొప్పి మొదలైన దాకా లెక్కపెట్టాలి, మధ్యలో ఖాళీ మాత్రమే కాదు. ఎంత సేపుంది అంటే అదే నొప్పి మొదలు నుంచి వదిలేదాకా. ఫోన్‌లో యాప్ ఉన్నా సరే, లేకపోతే కాయితం మీద రెండు గళ్ళు గీసుకున్నా సరే, కానీ రాసే పని భర్తకో అమ్మకో అప్పజెప్పండి, నొప్పి పడే మనిషి గడియారం చూస్తూ కూర్చుంటే నొప్పి ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

ఉదాహరణకి ఇలా ఉందనుకోండి: 2.10, 2.31, 2.38, 3.15. మధ్యలో 21 నిమిషాలు, తర్వాత 7, తర్వాత 37. ఒకటి 20 సెకన్లు, ఇంకోటి 50. దీనికి ఒక దారీ తెన్నూ లేదు, ఇవి దొంగ నొప్పులే అయ్యుండే ఛాన్స్ ఎక్కువ. అదే 2.10, 2.19, 2.27, 2.34, 2.41 అని దగ్గరపడుతూ, ఒక్కొక్కటి 35 సెకన్ల నుంచి 45కి, 55కి పెరుగుతూ, ముందు దాని కంటే వెనకది గట్టిగా ఉంటే అవి నిజమైన నొప్పులు. నిజమైనవి చాలామందికి నడుం వెనక నుంచి మొదలై ముందుకి చుట్టుకుంటాయి, కొందరికి తొడల్లోకి దిగుతాయి. దొంగ నొప్పులు ఎక్కువగా ముందు పొట్టలోనే బిగిసి ఊరుకుంటాయి. ఇది అందరికీ ఇలాగే ఉండదనుకోండి, కానీ దగ్గరపడటం, పెరగడం అనే రెండు గుర్తులు మాత్రం పెద్దగా మోసం చేయవు.

మూడో పని: దొంగ నొప్పులకి పరీక్ష పెట్టండి

అనుమానంగా ఉంటే ఒక గంట ఇలా చేయండి. ముందు పాస్‌కి వెళ్ళిరండి, నిండిన మూత్రాశయం కూడా పొట్టని బిగించేస్తుంది. రెండు గ్లాసుల నీళ్ళు మెల్లగా తాగండి, ఒంట్లో నీళ్ళు తక్కువైనా ఇదే తంతు. ఇంతసేపూ నిలబడి పనిచేస్తూ ఉంటే ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, పడుకుని ఉంటే లేచి మెల్లగా నడవండి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళతో స్నానం. ఇంత చేశాక అవి దూరమైపోయాయా, చల్లబడ్డాయా, అయితే నిద్రపోండి, నిజంగా నిద్రపోండి, ముందు ముందు ఆ నిద్ర అవసరం పడుతుంది. ఏం చేసినా తగ్గకుండా వాటి పని అవి చేసుకుంటూ పోతున్నాయంటే కాన్పు మొదలైనట్టే.

ఇదే పరీక్ష 37 వారాలకి ముందు పెట్టకండి, అప్పుడు గంటలో నాలుగైదు సార్లు పొట్ట బిగిస్తే, నొప్పి లేకపోయినా సరే, ఫోన్ చేయాల్సిందే.

మిగతా గుర్తులు

చరక సంహిత శారీర స్థానం 8వ అధ్యాయంలో కాన్పు దగ్గరపడిన మనిషి లక్షణాలు చెప్పారు, చదివితే ఎవరో పక్కన కూర్చుని చూసి రాసినట్టుంటుంది: ఒళ్ళు అలసట, మొహం వాడిపోవడం, కళ్ళు సడలడం, గుండెల మీద కట్టు విప్పేసినట్టు ఉండటం, పొట్ట కిందికి జారడం, కింద బరువు, గజ్జలు, నడుం, పక్కలు, వీపు పోట్లు, కింద నుంచి స్రావం, తిండి మీద ఇష్టం లేకపోవడం. ఆ తర్వాతే నొప్పులు, ఉమ్మనీరు అని చెప్పారు. గుండెల మీద కట్టు విప్పినట్టు అంటే ఏంటో పొట్ట జారిన వాళ్ళకి తెలుస్తుంది, బిడ్డ తల కటిలోకి దిగగానే ఊపిరి ఒక్కసారిగా తేలికవుతుంది, బదులుగా అరగంటకోసారి పాస్‌కి పరిగెత్తాలి. మొదటి కాన్పులో ఇది రెండు మూడు వారాల ముందే జరగొచ్చు కాబట్టి దీన్ని చూసి బ్యాగ్ పట్టుకుని పరిగెత్తక్కర్లేదు.

జిగురుగా, లేత గులాబీ రంగులోనో కాస్త ఎర్రటి చారలతోనో స్రావం పడితే గర్భాశయ ముఖద్వారం దగ్గరున్న బిరడా ఊడిందని అర్థం, నొప్పులు ఆ రోజే రావొచ్చు, కొన్ని రోజులు ఆగి రావొచ్చు. ఉమ్మనీరు మాత్రం వేరు. సినిమాల్లోలా భళ్ళున పోవాలనేం లేదు, చాలామందికి కారుతూ ఉంటుంది, పాస్ అనుకుని ఊరుకుంటారు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని అరగంట చూడండి, పాస్ వాసన లేకుండా, ఆపుకోవాలన్నా ఆగకుండా తడుస్తూనే ఉంటే ఉమ్మనీరే. టైమ్, రంగు గుర్తుపెట్టుకుని హాస్పిటల్‌కి ఫోన్ చేయండి, నొప్పులు లేకపోయినా సరే. అక్కడి నుంచి లోపల నూనెలు, దూదులు, వేళ్ళు ఏవీ పెట్టకూడదు, ఇన్‌ఫెక్షన్ అవుతుంది.

ఎప్పుడు బయల్దేరాలి

మొదటి కాన్పుకి చాలా చోట్ల చెప్పే లెక్క ఇది: 5 నిమిషాలకోసారి, ఒక్కొక్కటి 1 నిమిషం, అలా 1 గంట పాటు. రెండో కాన్పైతే ఇంత ఆగొద్దు, అది చాలా తొందరగా అయిపోవచ్చు, నొప్పులు ఒక పద్ధతిలో పడగానే కదలండి. హాస్పిటల్ దూరమైతే దారిలో పట్టే టైమ్ కూడా కలుపుకుని ఇంకా ముందే. ఇంకో గుర్తు కూడా ఉంది, నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోతున్నారా? మాట్లాడుతూనే, నవ్వుతూనే ఉన్నారంటే సాధారణంగా ఇంకా టైమ్ ఉంది.

లెక్కలన్నీ పక్కన పడేసి వెంటనే వెళ్ళాల్సినవి ఇవి: నెలసరిలా ఎర్రటి రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, ఉమ్మనీరు ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉండటం, విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, జ్వరం, ఫిట్స్, పాత సిజేరియన్ కుట్టు దగ్గర నొప్పి. ఉమ్మనీరుతో పాటు బొడ్డుతాడు బయటికి తగిలితే మోకాళ్ళ మీద వంగి, ఛాతీ నేలకి ఆనించి, పిరుదులు పైకి పెట్టి అలాగే ఉండి అంబులెన్స్ కోసం ఆగండి, తాడుని లోపలికి నెట్టొద్దు.

ఇక ఆయుర్వేదం: తొమ్మిదో నెల నుంచి

ఆయుర్వేదంలో నొప్పి అంటే వాతం, బిడ్డని కిందికి నెట్టే పని అపాన వాతానిది. వాతానికి పొడి, చలి, భయం, ఆకలి, బిగబట్టుకోవడం పడవు, నూనె, వెచ్చదనం, ప్రశాంతత పడతాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే నొప్పులు వచ్చాక ఏం చేయాలో దాదాపు అంతా మీరే ఊహించుకోగలరు. ఇప్పటి భాషలో చెప్పాలంటే భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది నొప్పుల్ని నడిపించే ఆక్సిటోసిన్‌కి అడ్డుపడుతుంది, అందుకే ఇంట్లో బాగా వస్తున్న నొప్పులు హాస్పిటల్ గుమ్మం ఎక్కగానే కొందరికి కాసేపు మందగిస్తాయి.

తొమ్మిదో నెలలో నూనె బస్తి, అంటే మలద్వారం గుండా నూనె ఎక్కించడం, ఇంకా యోనిలో నూనెలో తడిపిన దూది పెట్టే పిచు అని చరకుడు చెప్పాడు. ఇవి ఇంట్లో చేసుకునేవి కావు, ప్రసూతి తంత్రం, అంటే కాన్పుల వైద్యం చదివిన ఆయుర్వేద డాక్టర్, మీ గైనకాలజిస్ట్ ఇద్దరూ సరే అంటేనే, అదీ వాళ్ళ దగ్గరే. మీరు ఇంట్లో చేసుకోగలిగింది నడుం, కాళ్ళు, భుజాలకి గోరువెచ్చని నువ్వుల నూనె రాసుకుని వేడినీళ్ళ స్నానం చేయడం. వైద్యుడు చెప్తే క్షీరబలా తైలమో ధన్వంతరం తైలమో వాడొచ్చు, కర్పూరం ఘాటు ఉన్న నొప్పి నూనెలు మాత్రం వద్దు. పొట్ట మీద గట్టిగా రుద్దొద్దు. ఇక డాక్టర్ సరే అంటే 35 వారాల నుంచి వారానికి ఒకటి రెండు సార్లు శుభ్రమైన చేతులతో, శుభ్రమైన నూనెతో యోని కింది భాగాన్ని మెల్లగా సాగదీస్తూ మసాజ్ చేసుకుంటే మొదటి కాన్పులో చిరుగులు, కుట్లు తగ్గుతాయని పరిశోధనల్లో కూడా తేలింది.

నొప్పులు నడుస్తున్నప్పుడు

నొప్పులు మొదలయ్యాక రోకలి పట్టించి వడ్లు దంచించాలని ఆ రోజుల్లో కొందరు అనేవారట, చరక సంహితలో గురువు ఆత్రేయుడు అది కూడదని గట్టిగానే చెప్తాడు, ఆ టైమ్‌లో బరువు పని వద్దు, ఆవలించడం, అటూ ఇటూ నడవడం మాత్రం చేయమంటాడు. అంటే తొందరగా అవుతుందని మెట్లు ఎక్కించి దించే వాళ్ళకి అప్పుడే సమాధానం చెప్పేశాడన్నమాట. నడవండి, అలిసిపోయే దాకా కాదు. నొప్పి వచ్చినప్పుడు ఆగి గోడకో మనిషి మెడకో ఆనుకుని ముందుకి వాలండి, వెల్లకిలా పడుకుంటే మాత్రం నొప్పి ఎక్కువ తెలుస్తుంది.

తర్వాత నూనె. నడుం, పక్కలు, వీపు, తొడలకి కాస్త వెచ్చటి నూనె రాసి, ఆవిడకి హాయిగా ఉండేటట్టు పట్టమని అదే అధ్యాయంలో ఉంది. ఎలా పట్టాలంటే: ఆవిడ కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని దాని వీపు మీద చేతులు పెట్టి వాలాలి. మీరు నూనె గిన్నెని వేడినీళ్ళలో పెట్టి, మీ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూసుకోండి, చుర్రుమంటే ఆగండి. నడుం కింద రెండు పక్కలా చిన్న సొట్టలు కనిపిస్తాయి, ఆ రెంటికీ మధ్య ఎముక మీద అరచేతి మడమ ఆనించి, నొప్పి మొదలవగానే లోపలికి నిలకడగా నొక్కండి, రుద్దడం కాదు, నొక్కి పట్టడం, నొప్పి వదిలేదాకా. చేతి బలంతో నొక్కితే ఐదు నిమిషాల్లో మీ చెయ్యి పడిపోతుంది, మోచెయ్యి చాపి ఒంటి బరువు దాని మీద వేయండి. ఇంకా గట్టిగా అంటే ఇంకా గట్టిగా, వద్దంటే ఆ క్షణమే ఆపాలి, ఒక గంట ముందు నచ్చిన చోటే తర్వాత ముట్టుకుంటే కసురుకోవచ్చు, మనసుకి తీసుకోకండి. నొప్పికీ నొప్పికీ మధ్య మాత్రం భుజాల నుంచి నడుం దాకా పొడుగ్గా, మెల్లగా రాయండి.

ఒక చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర సన్నని గొట్టంతో ఇచ్చే మత్తు, తీసుకునే ఆలోచన ఉంటే వీపు మీద నూనె వద్దు, లేదా బయల్దేరే ముందు సబ్బుతో శుభ్రంగా కడిగేయండి, ఆ సన్నని గొట్టం నిలబడేది ప్లాస్టర్ మీద, జిడ్డుగా ఉంటే అది అతుక్కోదు. ఎపిడ్యూరల్ పడ్డాక మొద్దుబారిన చోట వేడి సంచులు పెట్టొద్దు, కాలినా తెలియదు.

వేడినీళ్ళ స్నానం సుశ్రుతుడూ చెప్పాడు, నూనె రాసి, వేడినీళ్ళు పోసి, కడుపు నిండా జావ తాగించమన్నాడు. షవర్ ఉంటే స్టూల్ మీద కూర్చుని నడుం మీద నీళ్ళు పడేలా పెట్టుకోండి, మరీ వేడి కాదు, ఒళ్ళు ఎర్రబడకూడదు. జావ గురించి మాత్రం నా సలహా కాస్త వేరు, నొప్పులు మొదట్లో ఉన్నప్పుడు పల్చగా కొంచెం కొంచెం తాగండి, గట్టి నొప్పుల్లో వాంతులొస్తాయి, అప్పుడు గుక్కెడు గుక్కెడు నీళ్ళు చాలు. హాస్పిటల్‌కి వెళ్ళాక ఏం తాగొచ్చో వాళ్ళని అడగండి.

పాస్‌ని బిగబట్టొద్దు, రెండు గంటలకోసారి రాకపోయినా వెళ్ళి కూర్చోండి, నిండిన మూత్రాశయం బిడ్డ తలకి దారి ఇవ్వదు. ఊపిరి విషయంలో పెద్ద పెద్ద టెక్నిక్‌లు అక్కర్లేదు, ముక్కుతో పీల్చి, దవడ వదులు చేసి, నోటితో పొడుగ్గా వదలండి. మూలిగినా పర్వాలేదు, లోతుగా మూలగండి. సన్నగా కీచుగా అరిస్తే భుజాలు, మెడ బిగుసుకుపోతాయి.

పక్కన ఎవరుండాలి అనే దానికి చరకుడు చాలా స్పష్టంగా చెప్పాడు, చాలాసార్లు కన్న ఆడవాళ్ళు, ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్ళు, ఓదార్చగలిగిన వాళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన కాన్పు మార్గదర్శకాల్లో కూడా తనకి నచ్చిన మనిషిని తోడు ఉంచమనే ఉంది. తమ కాన్పు ఎంత భయంకరంగా జరిగిందో వర్ణించే బంధువులుంటారే, వాళ్ళకి టీ ఇచ్చి వేరే గదిలో కూర్చోబెట్టండి.

ఇవి మాత్రం వద్దు

ఆముదం తాగితే విరేచనాలు, వాంతులు, నీరసం, నొప్పులు అదుపు లేకుండా రావడం, ఇవన్నీ జరగొచ్చు. పాత గ్రంథాల్లో కాన్పు తొందరకి అడవినాభి, అంటే లాంగలి దుంప ప్రస్తావన ఉంది, అందులో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, ప్రాణాలే పోతాయి, రాయడానికీ పూయడానికీ కూడా ఇంట్లోకి తేవొద్దు. పేరు లేని కషాయాలు, భస్మాలు, ఆన్‌లైన్‌లో దొరికే సుఖప్రసవం పొడులు, వీటి జోలికి పోకండి. హాస్పిటల్‌లో నొప్పులకి ఇంజెక్షన్ పెట్టే ముందు మీరేం మింగారో వాళ్ళకి తెలియాలి, లేబర్ రూమ్‌లో దాచిపెడితే నష్టం మీకే. పొట్ట మీద పై నుంచి తొయ్యడం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

హాస్పిటల్‌కి వెళ్ళాక

ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 సెంటీమీటర్ల నుంచే జోరు దశ, అక్కడి నుంచి మొదటి కాన్పుకి మామూలుగా 12 గంటలు దాటదు, తర్వాతి కాన్పులకి 10. దానికి ముందు దశకి మాత్రం లెక్క లేదు, ఒక రోజు పట్టినా పట్టొచ్చు. అందుకే 2 సెంటీమీటర్లే అన్నారని ఏడవకండి, అక్కడిదాకా రావడమే నిదానం.

పూర్తిగా తెరుచుకోక ముందు ముక్కమని ఎవరన్నా తొందరపెడితే వినకండి. నొప్పి లేకుండా ముక్కొద్దు, అలా ముక్కితే ఆ కష్టమంతా దండగ, బిడ్డకీ మంచిది కాదు అని చరకుడు చెప్పినదాన్నే ఇప్పుడు డాక్టర్లూ చెప్తారు. ముందు మెల్లగా, తర్వాత బలంగా అని వరస కూడా చెప్పాడు. నొప్పి వచ్చి, లోపల నుంచి విరేచనానికి వచ్చినట్టు తోసుకొస్తుంటే అప్పుడు ముక్కాలి, నొప్పి ఆగగానే ఒళ్ళంతా వదిలేసి పడుకోవాలి, ఆ రెండు నిమిషాలూ కళ్ళు మూసుకున్నా సరే. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు ఆపమంటారు, అప్పుడు ముక్కకుండా హా హా అని చిన్న చిన్న ఊపిరులు వదలండి, చర్మం చిరగకుండా మెల్లగా సాగుతుంది. వెచ్చని గుడ్డ కింద ఆనించి పట్టుకోమని నర్సుని ముందే అడగండి, దానికీ మంచి ఫలితాలున్నాయి.

నొప్పి భరించలేకపోతే ఎపిడ్యూరల్ అడగడంలో తప్పేం లేదు, నూనె పట్టించుకున్నాం కాబట్టి ఇక అడగకూడదని ఎక్కడా లేదు. సిజేరియన్ అన్నా అంతే.

కాన్పు తర్వాత నూనె స్నానాలు మొదలుపెట్టడం మామూలు కాన్పైతే డాక్టర్‌ని అడిగి కొన్ని రోజుల్లో చేయొచ్చు, కుట్ల మీద మాత్రం నూనె పోయొద్దు. సిజేరియన్ అయితే గాయం పూర్తిగా మానిందని చూసి చెప్పేదాకా పొట్ట వైపు నూనె, పొట్ట బిగించి కట్టడం రెండూ ఆపండి, కాళ్ళకీ భుజాలకీ రాయించుకోవచ్చు. గంటకి ఒక ప్యాడ్ చొప్పున తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే వెనక్కి వెళ్ళి చూపించుకోండి, బాలింతకి ఇదంతా మామూలే అని ఎవరన్నా సరే.